దుప్పట్ల లెక్క

కేసు ఏద్దాం ఓదెమ్మా, తప్పకుంట ఏద్దాం.
ముందుగాల కూసో.
ఆ స్టూలుకు ఒక కాలు పొట్టి, గోడకానించుకో.
అదాలత్ ఎదురుంగ ఇరవయ్యారేండ్ల సంది
మంది కోపాన్ని టైపు కొడుతున్న.
కోపం కాయితం మీద ఎక్కువసేపు ఆగది,
తారీఖు ఆగుతది.

పనికి రావొద్దని ఎన్నడన్నరు?
"మొన్న, ముసురు వట్టినప్పుడు."
ముసురుకు నంబరుండదమ్మా.
వేళ్ళు మడుస్తది, ఇప్పుతది.
"తొలేకాశి తెల్లారి. ఉపాసమిడిసి పోయిన.
కొత్త మిషిని దించుతుండ్రు."
ఎరువుల దుకాణపోళ్ళ క్యాలెండరు తిరగేసిన:
సోమారం. జూలై ఏడు.
మొదటి మేకు దిగింది.

చీటి ఇచ్చిండ్రా?
లేదు.
మేనేజరు చెయ్యి గేటు దిక్కు సూపిండట, అంతే.
సూపినప్పుడు ఎవలున్నరు?
"వాచ్‌మెన్ వీరస్వామి."
వచ్చి చెప్తడా?
"ఇద్దరు ఆడపిల్లలు సారూ ఆయనకు."
ఆ పేరు పెన్సిలుతో రాసుకున్న.

నయీంనగర్ల దవాఖాన, కింద సెల్లారు,
పదకొండేండ్లు రోగుల దుప్పట్లు ఉతికింది.
జీతం కవర్ల వెట్టి చేతికిచ్చేటోళ్ళు.
కవర్లేవి?
పొయ్యి రాజేసుకున్నదట.
పీఎఫ్?
"కోసుకున్నమన్నరు. ఏడ వోసిండ్రో."
గుర్తింపు కార్డు?
కొత్తదిస్తమని పాతది గుంజుకున్నరు.
నా వేళ్ళు మిషిని మీదనే ఆగినయ్.
కాయితం లెక్కన సూస్తే
ఈమె ఆ సెల్లారు మెట్లు ఒక్కసారి గూడ దిగలే.

అప్పుడు సంచిల చెయ్యి వెట్టింది.
ఒకటి గాదు, తొమ్మిది నోటుబుక్కులు,
సబ్బు వాసన, మూలలు నాని ఉబ్బినయి.
ఇంకో రెండు ఎలుకలు కొట్టినయట.
దుప్పట్లు నూట పన్నెండు. గలీబులు అరవై.
థియేటరుయి ఇరవై రెండు, నెత్తుటియి ఏరుగ.
ప్రతి పేజీ కింద తారీఖు,
దాని పక్కన స్టెల్లా సిస్టర్ సంతకం,
కోడి గీకినట్టు.
ఎందుకు రాసినవ్ గివన్ని?
"ఒక్క గలీబు తక్కువైతే నా జీతంల కోస్తుండ్రి.
భయానికి రాసుకున్న."

రెండు చాయ్‌లు తెమ్మని పోరగాన్ని తోలిన.

ఇగ ఇను.
అసలు బుక్కులు ఎవలకియ్యకు, నాకు గూడ.
జిరాక్సు రెండు సెట్లు తీయి,
ఒకటి మీ ఆడిబిడ్డ ఇంట్ల వెట్టు.
ముందు దవాఖానోళ్ళకే ఉత్తరం.
తిట్లు తీసేస్తున్న, నారాజ్ గాకు,
నాలుగు లైన్లు పోతయ్.
చేసిన పని, ఆగిన జీతం, ఆ సోమారం,
మల్ల పనిల వెట్టుకోమనుడు, గివ్వే మిగుల్తయ్.
రిజిస్టర్ పోస్టు జెయ్.
రసీదు పోపుల డబ్బాల వెట్టకు.

పిలుస్తరు. పో. ఒక్కదానివి పోకు.
చల్లటి రూముల కూసుండవెట్టి
ఇరవై వేలు టేబుల్ మీదుంచి
"అంతా ముట్టింది" అని రాసిన కాయితం
నీ దిక్కు జరుపుతరు.
కండ్లద్దాలు మర్చివోయిన అని లేసిరా.
"నాకు అద్దాల్లేవు సారూ."
లేకున్నా చెప్పు.

జవాబు రాకుంటే లేబర్ ఆఫీసు.
ఆడ రాజీకి కూసుండవెడ్తరు.
వాళ్ళు మొదటి పేషీకి రారు,
రెండోదానికి వకీలొచ్చి వాయిదా అడుగుతడు.
నువ్వు మాత్రం ప్రతిదానికి పో,
ఆనాటి కూలి పోయినా సరే.
నలభై అయిదు రోజులు సూడాలె.
అటెన్క కోర్టు.

"గింతుంటదా కేసంటే?"
కేసు ఇంక మొదలే గాలేదు ఓదెమ్మా.

ఉత్తరం మడిచి, ఎంతైందని అడిగింది.
తొంభై అన్న.
కొంగుముడి ఇప్పి, చిల్లరతో సహా లెక్కవెట్టి ఇచ్చి,
తొమ్మిదో బుక్కు ఆఖరు పేజీ తెరిచి
ఇయ్యాల్టి తారీఖేసింది.
"టైపు, తొంభై" అని రాసి
బుక్కు నా దిక్కు తిప్పింది.

"సంతకం వెట్టు సారూ."